బంగారం ముట్టుకుంటే పలకాలి: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మాయ్,

నువ్వు పంపిన లింక్ మొన్న రాత్రే తెరిచి చూశాను. పిల్లల లైబ్రరీకి వెబ్‌సైట్ చేసే పని నీ చేతికి రావడం, దానికి చిన్నప్పటి నుంచి నువ్వు చదువుతున్న ఫాంటసీ కథల్లోంచి రూపం తీసుకోవాలనుకోవడం, రెండూ నాకు చాలా నచ్చాయి. ఫోన్‌లో చెబితే సగం మాటలు గాల్లో కలిసిపోతాయని తీరిగ్గా రాస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. ఓపిగ్గా చదువు.

ముందు నాకు కనిపించింది చెబుతా. నల్లటి తెర. మధ్యలో ఇనుప పట్టీలు కొట్టిన పెద్ద చెక్క తలుపు. దాని కింద నుంచి పొగమంచు పాకుతూ వస్తోంది. తలుపు కిర్రుమంటూ నెమ్మదిగా తెరుచుకుంటే లోపల బంగారు అక్షరాలు. నిజంగా అందంగా ఉంది. మేకుల తలలకు కూడా నీడలు వేశావు, చూశాను. ఆరు సెకన్లు పట్టింది. లోపలికెళ్లి ఒక పుస్తకం పేరు నొక్కి, వెనక్కి వచ్చాను. మళ్లీ తలుపు, మళ్లీ ఆరు సెకన్లు. మూడోసారి వచ్చేసరికి మేకుల వైపు చూడనేలేదు. ఎప్పుడు తెరుచుకుంటుందా అని తెర మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను.

కథలో తలుపు ఒక్కసారే తెరుచుకుంటుంది. సైట్‌లో అదే మనిషి ఒక్క రోజులో పదిసార్లు అదే గడప దాటుతాడు. ఈ తేడా నీకు ఒంటబడితే మిగతావన్నీ సులువు. కథలు చెప్పేవాళ్లు ఏం చేస్తారో చూడు. "అనగనగా ఒక రాజ్యంలో" అంటారు. మూడే మాటలు. వినేవాళ్లు కూర్చున్నచోటే కూర్చుని ఇంకో లోకంలోకి వెళ్లిపోతారు. పొగమంచు అక్కర్లేదు. సైట్లు వాడటానికి ఎంత సులువుగా ఉన్నాయో పరిశోధించే జాకబ్ నీల్సన్ 1993లో రాసిన మూడు హద్దులు ఇప్పటికీ నా బల్ల ముందు అంటించి ఉన్నాయి: 0.1 సెకనులో జవాబొస్తే మనం చేసిందే జరిగిందనిపిస్తుంది, 1 సెకను దాటితే ఆలోచన తెగుతుంది, 10 సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది.

తలుపు తీసెయ్యమని అనడం లేదు. మొదటిసారి వచ్చినవాళ్లకే చూపించు, అది కూడా రెండు సెకన్లలో అయిపోవాలి. వాళ్లు ఒకసారి వచ్చారని బ్రౌజర్‌లో గుర్తు పెట్టించు. రెండోసారి వస్తే తలుపు తెరిచే ఉండాలి. మధ్యలో ఎక్కడ నొక్కినా యానిమేషన్ ఆగి లోపలికి వెళ్లిపోవాలి. ఇంకో సంగతి, తెర మీద కదలికలు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ఉంటారు. వాళ్లు ఫోన్‌లో కదలికలు తగ్గించే సెట్టింగ్ పెట్టుకుంటారు. పేజీ రూపురేఖలు రాసే భాష సీఎస్ఎస్‌లో 'ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్' అనే షరతు దాన్ని పట్టుకుంటుంది. అది రాయకుండా నీ తలుపును బయటికి పంపకు.

మన పనికీ కల్పనకీ చుట్టరికం నువ్వు కొత్తగా కలుపుతున్నది కాదు. హైపర్‌టెక్స్ట్, అంటే లింకులతో ఒకదానికొకటి ముడిపడ్డ రాత, అనే మాట పుట్టించిన టెడ్ నెల్సన్, దాన్ని 1965లో అచ్చులోకి తెచ్చాడు. లింకులతో అల్లుకున్న రచనల కోసం తాను కలగన్న ప్రాజెక్టుకు జనాడు అని పేరు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ కవితలో కుబ్లాఖాన్ విలాసభవనం కట్టించిన చోటు పేరు అది. ఎవరైనా "సైట్‌కి కథలెందుకు" అంటే నువ్వు తగ్గాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఫాంటసీ నుంచి నువ్వు తెచ్చుకున్నవి తలుపు, మంచు, బంగారం, పాత కాగితం. అవన్నీ ఆ లోకపు సామాను. నువ్వు తెచ్చుకోవాల్సింది ఆ లోకపు నియమం. మాంత్రికుడు ఏదైనా చెయ్యగలడంటే మనకు భయమూ వెయ్యదు, ఆశా పుట్టదు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని తెలిశాకే కథకు పట్టు వస్తుంది. ఇక్కడ చిలక రెక్క విరిస్తే అక్కడ వాడి చెయ్యి విరుగుతుంది, అదే క్షణాన విరుగుతుంది. అలా ప్రతిసారీ జరుగుతుంది కాబట్టే నమ్ముతాం. ఒకసారి విరిగి ఒకసారి విరక్కపోతే అయిదేళ్ల పిల్ల కూడా "అదేంటి?" అని అడుగుతుంది.

నీ పేజీలో బంగారు రంగు ఎక్కడెక్కడ ఉందో లెక్కపెట్టు. శీర్షికలకు ఉంది, అంచులకు ఉంది, మూలల్లో నక్షత్రాలకు ఉంది, కొన్ని లింకులకు ఉంది. నేను నక్షత్రం నొక్కాను, ఏమీ కాలేదు. "కొత్త పుస్తకాలు" అనే శీర్షిక నొక్కాను, ఏమీ కాలేదు. దాని పక్కన బూడిద రంగులో చీమ తలకాయంత ఉన్న "అన్నీ చూడండి" నొక్కితే అప్పుడు తెరుచుకుంది. మయసభలో దుర్యోధనుడికి జరిగింది ఇదే కదా. నేల ఉన్నచోట నీళ్లనుకుని బట్టలు ఎత్తిపట్టుకున్నాడు, నీళ్లున్నచోట నేలనుకుని అడుగేసి తడిశాడు, దారి లేనిచోట ద్వారమనుకుని నుదురు కొట్టుకున్నాడు. మయుడి పనితనానికి ఎవరూ వంక పెట్టలేరు. కానీ ఆ సభలో నడిచినవాడికి మిగిలింది అవమానం. సైట్‌కి వచ్చినవాళ్లూ అంతే, బటన్ పలకకపోతే డిజైనర్‌ని తిట్టుకోరు. నాకే చేతకాలేదనుకుని వెళ్లిపోతారు. పిల్లలైతే మరీ.

అందుకని ఒక కాగితం తీసుకుని నీ లోకపు నియమాలు రాసుకో. నాలుగైదు చాలు. మొదటిది నేను చెబుతా: ఈ లోకంలో బంగారం ముట్టుకుంటే పలుకుతుంది. అంటే నొక్కగలిగినవి తప్ప ఇంకేవీ బంగారు రంగులో ఉండకూడదు. నక్షత్రాలు వెండి రంగులోకి మారిపోతాయి, శీర్షికలు తెల్లబడతాయి. రంగుల తేడా సరిగా తెలియనివాళ్లు కూడా ఉంటారు కాబట్టి బంగారంతో పాటు కింద ఒక గీత కూడా ఉండాలి. రెండో నియమం, మూడో నియమం నువ్వు ఆలోచించు. వెనక్కి వెళ్లడం ఎప్పుడూ ఒకే వైపు నుంచి జరుగుతుందా? దీపం వెలిగితే ఏమని అర్థం? రాసుకున్నాక మాత్రం, ఎంత ముచ్చటైన ఆలోచన వచ్చినా నియమం తప్పితే పక్కన పెట్టెయ్.

మరి రూపం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి అంటావా? చదివేటప్పుడే తెచ్చుకోవాలి, కానీ సినిమాల్లో చూసిన బొమ్మల్లోంచి కాదు. నేను చేసే పద్ధతి చెబుతాను. నీకిష్టమైన కథలో ఒక సన్నివేశం తీసుకో. ఒక బాటసారి వానలో తడిసి రాత్రిపూట సత్రం చేరాడనుకో. మంచి రచయిత ఆ సత్రంలో ఉన్నవన్నీ చెప్పడు. తడిసిన రాతిమెట్టు మీద జారిన కాలు, తలుపు సందులోంచి పడిన దీపం వెలుగు, లోపల ఎవరో దగ్గిన చప్పుడు, ఈ మూడే చెబుతాడు. మిగతా సత్రం నువ్వే కట్టుకుంటావు. ఇప్పుడు ఆ మూడింటినీ పేజీ మీదికి తీసుకురా. తడి రాయి బూడిద రంగు పేజీ అంతా పరుచుకుంటుంది. దీపపు పసుపు ఒక్కచోటే ఉంటుంది, మనం వచ్చినవాళ్లని ఎక్కడికి నడిపించాలో అక్కడ. దగ్గు? అది లోపల మనుషులున్నారన్న గుర్తు. "ఈ పుస్తకం ఇప్పుడే ఒకరు తీసుకెళ్లారు" అన్న చిన్న వాక్యం ఆ పని చేస్తుంది. చూశావా, ఎక్కడా సత్రం బొమ్మ లేదు, రాక్షసులు లేరు. కానీ ఆ రాత్రి వచ్చేసింది. నేను ఇలా ఒక నోటుబుక్కు నిండా సన్నివేశాలు రాసుకున్నాను. ఎప్పుడైనా ఖాళీ పేజీ ముందు చేతులు ఆడకపోతే దాన్నే తిరగేస్తాను.

మ్యాప్ సంగతి. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ ముందు మ్యాప్ గీసుకుని, దూరాలు సరిచూసుకుంటూ కథని దానికి సరిపెట్టానని 1954లో ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. అలా కాకుండా ముందు కథ రాసి తర్వాత మ్యాప్ గీద్దామంటే తిప్పలే అన్నాడు. నువ్వూ తెర తెరవకముందే కాగితం మీద మ్యాప్ గియ్యి. ప్రతి పేజీ ఒక ఊరు. ఊరికీ ఊరికీ దూరం అంటే ఎన్నిసార్లు నొక్కాలో అంత. పుస్తకం వెతుక్కోవడానికి వచ్చిన పిల్లకి ఆ పుస్తకం ఎన్ని ఊళ్ల అవతల ఉందో వేలు పెట్టి చూసుకో. మూడు దాటితే దారి సరిచెయ్యి.

కానీ ఆ మ్యాప్‌నే మెనూగా పెట్టకు. ఈ తప్పు నేను చేశాను. ఒక క్లయింట్‌కి సముద్రం, అందులో అయిదు ద్వీపాలు గీసి, ఒక్కో ద్వీపానికి ఒక్కో కవితాత్మకమైన పేరు పెట్టాను. చిరునామా, ఫోన్ నంబరు "స్నేహతీరం" అనే ద్వీపంలో ఉండేవి. గీయడానికే రెండు వారాలు పట్టింది. సైట్ మొదలైన వారంలోనే నంబరు ముందే తెలిసినవాళ్లు ఫోన్ చేసి "మీ చిరునామా సైట్‌లో ఎక్కడుంది?" అని అడగడం మొదలుపెట్టారు. నంబరు తెలియనివాళ్లు ఏం చేశారో ఎప్పటికీ తెలియదు. చిన్న తెర మీద ద్వీపాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నెల తిరక్కుండానే మామూలు మెనూ పెట్టాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ బొమ్మ చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నీ పేజీలో "వెతకండి" అని ఉండాల్సినచోట "దివ్యదృష్టి" అని పెట్టావు. ముద్దుగా ఉంది, కానీ మార్చు. పని చేసే మాటలు పని చేసే మాటల్లాగే ఉండాలి.

ఆ ముద్దంతా పెట్టడానికి వేరే చోటుంది. లేని పేజీ నొక్కినప్పుడు వచ్చే 404 తీసుకో. అడవిలో దారి తప్పిన రాకుమారుడికి పేదరాశి పెద్దమ్మ ఎదురైనట్టు ఉండాలి ఆ పేజీ. పెద్దమ్మ వాణ్ణి చూసి నవ్వదు, ఎందుకు తప్పిపోయావని అడగదు. కూర్చోబెట్టి, ఈ కొండ దాటితే ఫలానా చోటు వస్తుందని చెబుతుంది. కాబట్టి బొమ్మ గియ్యి, కథలా రెండు వాక్యాలు రాయి, వెంటనే వెతికే పెట్టె, మొదటి పేజీకి దారి ఇవ్వు. అలాగే వెతికితే ఏమీ దొరకనప్పుడు, పుస్తకం తిరిగిచ్చినప్పుడు, ఫారం పూర్తయినప్పుడు కూడా. ఆ నాలుగు మూలల్లో నీ కథకురాలిని మాట్లాడనివ్వు.

అక్షరాల గురించి ఒక మాట. చేతిరాత పుస్తకాల కాలంలో మొదటి అక్షరాన్ని పెద్దగా రంగులతో రాసేవారు, శీర్షికలను ఎర్ర సిరాతో రాసేవారు. అలాంటి శీర్షికకు ఇంగ్లీషులో ఉన్న రూబ్రిక్ అనే మాట లాటిన్‌లో ఎరుపుకున్న మాట నుంచే వచ్చింది. అది ఉత్త అలంకారం కాదు, ఎక్కడ మొదలైందో కంటికి దొరకడానికి. నువ్వూ మొదటి అక్షరం పెద్దది చేశావు, బాగుంది. కానీ మన అక్షరాలకు కిందికి వేలాడే వత్తులున్నాయి, పైన గుడులున్నాయి. "స్త్రీ"తోనో "క్షణం"తోనో మొదలయ్యే వాక్యం పెట్టి, రెండు మూడు బ్రౌజర్లలో చూడు. అక్షరం మొత్తం పెద్దదవుతోందా, ముక్క తెగుతోందా? వత్తు కింద వరుసను గుద్దుకుంటోందా? శీర్షికలకు రామభద్ర లాంటి బరువైన ఫాంట్ పెట్టుకో, చదివే భాగానికి మండలి లాంటి నిదానమైనది పెట్టు, వరుసల మధ్య చోటు ధారాళంగా వదులు. లోపలి పేజీల్లో పాత కాగితం రంగు మీద లేత గోధుమ రంగు అక్షరాలు వేశావు. నాకు కళ్లు చికిలించుకోవాల్సి వచ్చింది. మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకైతే 3:1. కొలిచే సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి.

సినిమాల్లోని అక్షరాల తీరు, పాత్రల బొమ్మలు, ముద్రలు మాత్రం తీసుకోకు. అవి ఒకరి సొత్తు. పైగా అవి కనపడగానే పిల్లలకు ఆ సినిమా గుర్తొస్తుంది, నీ లైబ్రరీ గుర్తుండదు.

ముందు తలుపు సంగతి, బంగారం సంగతి చూడు. మిగతావి తర్వాత. ఆ రెండూ అయ్యాక ఒక పాత ఫోన్ తీసుకుని, ఎండలో నిలబడి, ఒంటిచేత్తో ఒక పుస్తకం వెతికి చూడు. తర్వాత ఎనిమిదేళ్ల పిల్ల చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చో. వేలు ఎక్కడ ఆగిందో రాసుకో. ఆ కాగితం, నీ నియమాల కాగితం, రెండూ ఫొటో తీసి నాకు పంపు. ఆదివారం పొద్దున కూర్చుని చూస్తాను.

నీ
మామయ్య