పేజీ నిండా బొమ్మ పరిచిన యువ రచయితకు

ప్రియమైన మిత్రులకు,

మీరు పంపిన వెబ్‌సైటు చూశాను. కథల గురించి విడిగా రాస్తాను. ఈ ఉత్తరం మాత్రం వాటి వెనక మీరు పేజీ నిండా పరిచిన కోనసీమ కొబ్బరితోట ఫొటో గురించే. ఫొటో నిజంగా బాగుంది. ఇబ్బంది అంతా దాని మీద తెల్లటి అక్షరాలతో కథ నడపడంలో ఉంది. ఒకే బొమ్మను పేజీ మొత్తానికి నేపథ్యంగా వాడదలచినప్పుడు, బొమ్మ ఎంత అందంగా ఉందన్నది రెండో ప్రశ్నే అవుతుంది; దాని మీద అక్షరం నిలుస్తుందా అన్నది మొదటిది.

మీ ఫొటోలో కొబ్బరి మట్టలను దగ్గరగా చూడండి. ప్రతి మట్టలోనూ సన్నటి ముదురు ఆకులు, వాటి సందుల్లో తెల్లటి ఆకాశపు గీతలు కనిపిస్తాయి. మన లిపి కూడా దాదాపు అంతే సన్నటి గీతలతో నడుస్తుంది. ‘ద’కూ ‘ధ’కూ, ‘ప’కూ ‘ఫ’కూ ఉన్న తేడా ఒక్క చిన్న గీత. మీ మొదటి కథలో ‘స్త్రీ’ అన్న మాట నా తెర మీద సరిగ్గా రెండు మట్టల నడుమ ఆకాశం మీద పడింది. పైన గుడిదీర్ఘం కనిపించింది గానీ, కింద ఉన్న రెండు ఒత్తులూ ఆకుల్లో కలిసిపోయాయి. పేజీని కాస్త పైకి జరిపితే ఆ మాట బాగుపడి మరో మాట మాయమైంది. పాఠకుడు కథ చదవడం మాని అక్షరాలను వెతుక్కునే పని పెట్టుకోడు, పేజీ మూసేస్తాడు.

దీనికి ఒక కొలత ఉంది. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ మార్గదర్శకాల ప్రకారం మామూలు పరిమాణంలోని అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద శీర్షికలకైతే 3:1 చాలు. ఫొటో మీద రాసినప్పుడు వెనక రంగు అడుగడుగునా మారుతుంది కనుక, తెల్లటి అక్షరాలకు బొమ్మలోని అత్యంత తెల్లటి చోటునే తీసుకుని లెక్క చూడాలి. చాలామంది బొమ్మ మీద సగం పారదర్శకమైన నల్లటి పొర వేసి పని అయిపోయిందనుకుంటారు. తెల్లటి ఆకాశం మీద 50 శాతం నలుపు వేస్తే మధ్యస్థపు బూడిద రంగు వస్తుంది. దాని మీద తెల్లటి అక్షరానికి దక్కే నిష్పత్తి 3.95 మాత్రమే. నలుపును 60 శాతానికి పెంచితే నిష్పత్తి 5.74 అవుతుంది, అక్షరం నిలుస్తుంది, కానీ అప్పటికి మీ కొబ్బరితోటలో సాయంత్రం దాటి చీకటి పడిపోతుంది. అందుకే నా సలహా ఇది: నిండు బొమ్మను మొదటి పేజీకి, దాని మీద మీ పేరుకూ సంపుటి పేరుకూ పరిమితం చేయండి. కథ ఉన్న పేజీలో బొమ్మ తప్పనిసరి అనిపిస్తే, కథ కింద వెనకున్న బొమ్మ ఏమాత్రం కనిపించనివ్వని లేత రంగు పలక వేసి, నల్లటి అక్షరాలను మండలి వంటి స్పష్టమైన ఫాంటులో, ఒత్తులు కింది వరుసను తాకనంత ఎడంతో పెట్టండి.

ఇక ఫోను సంగతి. మీరు ల్యాప్‌టాప్‌లో చూసి తృప్తిపడ్డారని ఫొటోను బట్టే తెలుస్తోంది, ఎందుకంటే అందులో అసలు విషయమైన పడవ ఎడమ అంచున ఉంది. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ భాషలో ‘బ్యాక్‌గ్రౌండ్-సైజ్’కు ‘కవర్’ అని రాస్తే బ్రౌజరు తెరలో ఖాళీ మిగలకుండా బొమ్మను పెంచి, మిగిలినది కత్తిరిస్తుంది. మీ అడ్డ ఫొటో నిష్పత్తి 3:2 అనుకుందాం. 360 పిక్సెళ్ల వెడల్పు, 800 ఎత్తు ఉన్న ఫోను తెరను నింపాలంటే ఆ బొమ్మ 1200 వెడల్పుకు పెరగాలి. అందులో కనిపించేది 360, అంటే 30 శాతం. మీరు బొమ్మను నడిమికి అమర్చడంతో మధ్య ముక్క మిగిలి, పడవ పోయింది. ‘బ్యాక్‌గ్రౌండ్-పొజిషన్’ను ఎడమకు జరిపితే కొంత నయం, ఫోనుకు విడిగా నిలువు బొమ్మ కత్తిరించి మీడియా క్వెరీతో (తెర వెడల్పును బట్టి వర్తించే సీఎస్ఎస్ నియమంతో) ఇస్తే మరీ మంచిది. మరొక చిక్కు ఏమిటంటే, బొమ్మను పేజీలోని సరుకంతా ఉండే ‘బాడీ’కి తగిలించి ‘కవర్’ అన్నప్పుడు పొడవాటి కథ పేజీలో అది తెరకు కాక పేజీ మొత్తం పొడవుకు సాగి, నాలుగు ఆకులే కనిపించేంత పెద్దదవుతుంది. దానికి విరుగుడుగా, బొమ్మను తెర మీద కదలకుండా నిలపడానికి వాడే ‘ఫిక్స్‌డ్’ అటాచ్‌మెంట్‌ను ఐఫోను సఫారీలో నమ్మలేం. కథ వెనక స్థిరంగా ఉండే వేరే పెట్టె పెట్టి, బొమ్మను దానికి ఇవ్వడం మేలు.

బరువు గురించి ఎవరూ చెప్పకపోయినా మీకే తెలిసి ఉండాలి, మీరు ఫొటోను కుదించకుండా అలాగే ఎక్కించినట్టున్నారు. ఫోనుతో తీసిన 12 మెగాపిక్సెళ్ల ఫొటో నాలుగైదు మెగాబైట్లు ఉంటుంది. అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఆ లెక్కన రెండు వేల మాటల కథ సుమారు 50 కిలోబైట్లు. అంటే పాఠకుడు మీ కథ కంటే దాదాపు వంద రెట్లు బరువైనదాన్ని కథ కోసం మోయాలి. వెడల్పును 1920 పిక్సెళ్లకు తగ్గించి, బొమ్మను కుదించి దాచే వెబ్‌పీ రూపంలోనో, 70–75 నాణ్యతతో జేపెగ్‌గానో దాచుకోండి. ఆకులూ గడ్డీ నిండిన బొమ్మ సులువుగా కుదించుకోదు. నీరు, ఆకాశం, గోడ వంటివి ఇట్టే కుదించుకుంటాయి. అక్షరానికి అనువైన బొమ్మే బరువుకూ అనువుగా ఉండటం మన అదృష్టం. గోదావరి నీరు ఎక్కువ భాగం ఆక్రమించిన ఫొటో మీ దగ్గర తప్పక ఉంటుంది, అది వెతకండి. బొమ్మతో పాటు నేపథ్యానికి ముదురు ఆకుపచ్చ వంటి రంగు కూడా రాయడం మరవకండి. బొమ్మ రాకముందు, లేదా అసలు రానప్పుడు, తెల్లటి పేజీ మీద మీ తెల్లటి పేరు ఎవరికీ కనిపించదు.

నేపథ్యంగా పెట్టిన బొమ్మను తెర చదివే సాఫ్ట్‌వేర్లు చూపులేని పాఠకులకు వినిపించవు. బొమ్మ కథకు అవసరమైనదైతే దాన్ని మామూలు చిత్రంగా, వివరణతో సహా కథలోనే పెట్టాలి. కథను అచ్చు తీసుకునేవారి కోసం అక్షరాలను నలుపు చేసే నియమం ఒకటి విడిగా రాయండి, ఎందుకంటే బ్రౌజర్లు మామూలుగా నేపథ్యాన్ని ముద్రించవు.

ఫొటో ఎవరిదో మీ పేజీలో ఎక్కడా లేదు. వికీమీడియా కామన్స్‌లో దొరికినదైతే తీసినవారి పేరు, లైసెన్సు పేరు పేజీ అడుగున కనిపించేలా ఇవ్వండి; అక్కడి చాలా ఫొటోలకు అది షరతు. గూగుల్‌లో వెతికి తెచ్చినదైతే ఈ రోజే తీసేయండి. మీరే తీసినదైతే ఈ పేరా వదిలేసి, పడవ పూర్తిగా కనిపించే నిలువు ఫొటో ఉంటే నాకు పంపండి.

మీ శ్రేయోభిలాషి