నెటిల్ ఆకుతో పప్పు వండుకోవచ్చా?

ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఆకుకూరల గురించే. గోంగూర దొరికినా చిన్న కట్టకు అంత డబ్బు పెట్టడానికి మనసొప్పదు. వాళ్లకు నేను మార్చిదాకా ఆగమని చెబుతాను.

అప్పటికి కాలువ గట్ల మీద, కంచెల పక్కన రంపపు అంచుల ఆకులతో నెటిల్ గుబురుగా లేస్తుంది. ఇది మన దురదగొండి కాదు గానీ, తగిలితే బాగా మండుతుంది. ఆకు మీది సన్నని నూగు చర్మంలో గుచ్చుకుని విరిగి, హిస్టమిన్ లాంటి మంట పుట్టించే రసాయనాలను లోపలికి దించుతుంది. మొదటి ఏడాది నా చేతికి తగిలి రాత్రంతా నిద్ర లేదు. ఇది తినే ఆకని చెప్పింది మా పక్కింటి నేపాలీ ఆవిడ. వాళ్లు సిస్ను అంటారట. ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్‌లో కూడా ఈ జాతి ఆకును కండాలీ సాగ్ అని వండుకుంటారు.

గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుని, పైనున్న నాలుగైదు లేత ఆకులే తుంచండి. పూత వచ్చాక కోయొద్దు. ముదురాకు ఇసుక నమిలినట్టుంటుంది, మూత్రపిండాలకూ మంచిది కాదు. కుక్కలు తిరిగే దారుల్లో, మందు కొట్టిన పొలాల పక్కన అసలొద్దు. ఇంట్లో తినడానికి అడవి ఆకు కోసుకోవడం 1968 నాటి చట్టం ప్రకారం ఇక్కడ దొంగతనం కాదు. అమ్మకానికైతే అది వర్తించదు. స్థలం యజమానిని అడగకుండా వేళ్లతో పీకకూడదు. పార్కుల్లో మాత్రం బోర్డు చదివి దిగండి.

గ్లవ్స్ తీయకుండానే కడిగి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు వేయండి. దాంతో దురద పూర్తిగా పోతుంది. నీళ్లు పిండేసి, తరిగి, ఉడికిన కందిపప్పులో కాస్త చింతపండు రసంతో కలిపి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టండి. రుచి పాలకూరకు దగ్గరే, ఇంకొంచెం చిక్కన. వడకట్టిన నీళ్లు నేను పారబోయను, చారులో పోస్తాను. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు మాత్రం ముందు డాక్టరును అడగాలి.

పెరట్లోనే ఉంటే, జూన్‌లో సీతాకోకచిలుక గొంగళ్లు లేని కొమ్మలు చూసి మొదలుదాకా కోసేయండి. మళ్లీ లేత చిగురు వేస్తుంది, ఇంకో విడత పప్పుకు సరిపోతుంది.