దేవుడే ఉంటే ఇంత చెడు ఎందుకు? మనుషుల తప్పులకు దేవుణ్ణి నిందించవచ్చా?

మీరు అడిగిన రెండింటినీ విడదీసి చూడాలి. కాలేజీ రోజుల నుంచి నేను ఈ వాదనల్లో ఉన్నాను, ఎక్కువగా నాస్తికుల వైపు.

మనుషుల తప్పుల సంగతి ముందు. స్వేచ్ఛ ఇస్తే తప్పు చేసే వీలు కూడా ఇచ్చినట్టే అని ఆస్తికులంటారు. మావాళ్ళు దీన్ని తేలిగ్గా కొట్టిపారేస్తారు గానీ, నిజానికి ఇది గట్టి జవాబే. స్వేచ్ఛ ఉండీ ఎప్పుడూ మంచినే ఎంచుకునే మనుషుల్ని సర్వశక్తిమంతుడు ఎందుకు సృష్టించలేదని 1955లో నాస్తిక తత్వవేత్త జె.ఎల్. మాకీ అడిగాడు. దేవుడు అలా చేయిస్తే అది స్వేచ్ఛ ఎలా అవుతుందని తర్వాత ఆస్తిక తత్వవేత్త ప్లాంటింగా ఎదురు తిరిగాడు. అది ఇంకా తెగలేదు.

మరి భూకంపాలు? 1755 నవంబరు 1న, పండగ పూట జనం చర్చిల్లో ఉండగా భూకంపానికి పోర్చుగల్ రాజధాని లిస్బన్ కూలింది. వెనకే సునామీ, మంటలు. ఇంత జరిగాక అంతా మంచికే అని ఎలా అంటారని ఫ్రెంచి రచయిత వోల్టేర్ మండిపడ్డాడు. దానికి జవాబుగా తత్వవేత్త రూసో రాసిన ఉత్తరమంటే నాకు చాలా ఇష్టం. ఆరేడు అంతస్తుల ఇళ్ళు అక్కడ కుప్పగా కట్టింది ప్రకృతి కాదుగా అన్నాడు. బట్టలు, కాగితాలు, డబ్బు తీసుకోవాలని ఆగి ఎంతమంది చచ్చిపోయారో చూడమన్నాడు. ప్రకృతి మీదకు తోసేసే నష్టంలో మన అశ్రద్ధ, ఆశ ఎంతుందో ఎవరూ లెక్క తీయరు.

అయినా అన్నీ అలా తేలవు. మా అక్క కొడుక్కి పుట్టుకతోనే గుండెలో రంధ్రం. ఆసుపత్రిలో ఒక బంధువు "పూర్వజన్మ కర్మ" అన్నాడు. ఆ మాట వెనక పెద్ద సిద్ధాంతమే ఉంది. జీవుల కర్మను బట్టే ఫలం కాబట్టి ఈశ్వరుడికి పక్షపాతం గానీ నిర్దయ గానీ అంటవని వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాలు చెబుతాయి. తర్కంగా పొందికగానే ఉంది. కానీ నెలల పసివాణ్ణి దోషిగా నిలబెట్టే జవాబు నాకు మింగుడుపడదు. అలాగని నమ్మకం మనిషిని చెడగొడుతుందనీ అనలేను. రాత్రుళ్ళు అక్కడే ఉండి పిల్లాణ్ణి చూసుకున్నది పూజ తప్పని మా పిన్నే. నా నాస్తిక మిత్రులు ఒకసారి వచ్చి, కారిడార్‌లో దేవుడి మీద వాదించి వెళ్ళిపోయారు!

మీరెవరితోనైనా వాదించేముందు, వాళ్ళ దేవుడు ఎలాంటివాడో అడగండి. సర్వశక్తి, సర్వజ్ఞత, సంపూర్ణ దయ మూడూ ఉన్నవాడైతేనే ఈ సమస్య. ఏ ఒక్కటి తక్కువైనా లోకంలో చెడు ఉండటం వింతేమీ కాదు. నా వాదనలు చాలావరకు అక్కడే ఆగిపోయాయి, ఎందుకంటే అవతలివాళ్ళు ఆ మూడూ ఉన్నాయని ఎప్పుడూ అననే లేదు.