జుట్టు ఎంత ఊడితే ఎక్కువ? నేను లెక్కపెట్టిన తీరు

ఆగస్టులో హనుమకొండ హాస్టల్‌కి వచ్చావు, అప్పటి నుంచి జుట్టు కుచ్చులుగా ఊడుతోంది, బోరు నీళ్ల వల్లేనా, ఎంత ఊడితే ఎక్కువ అని కదా చెల్లె నీ ప్రశ్న. నాకు ఊడినప్పుడు నేనూ నీళ్లనే తిట్టుకున్నా. నెల రోజులు క్యాన్ నీళ్లతో తలస్నానం చేసినా తేడా లేదు. అమ్మ అయితే వేములవాడ రాజన్నకు తలనీలాల మొక్కు బాకీ ఉందని తేల్చేసింది.

చర్మం డాక్టరమ్మ మాత్రం "మూడు నెలల కింద ఏమైంది?" అని అడిగింది. నాకు సెప్టెంబర్‌లో డెంగీ వచ్చింది, ఊడటం మొదలైంది డిసెంబర్‌లో. గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి మానేసి బరువు తగ్గడం లాంటివి జరిగితే పెరిగే వెంట్రుకల్లో చాలా ఒక్కసారే ఎదుగుదల ఆపేస్తాయట. రాలేది రెండు మూడు నెలల తర్వాత. దీన్నే టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. రాలిన వెంట్రుక చివర తెల్లటి బుడిపె చూసి కుదురే పోయిందని భయపడ్డా. అది ఎదుగుదల ఆగిన వెంట్రుక గుర్తు మాత్రమే, కుదురు లోపలే ఉంటుంది.

రోజుకు 50 నుంచి 100 ఊడటం మామూలే. వారానికి రెండుసార్లే తలస్నానం చేస్తే మూడు నాలుగు రోజులవి ఒక్కరోజే కనబడతాయి. ఇది తెలియక బాత్రూం జాలీ దగ్గర 214 లెక్కపెట్టి ఏడ్చాను.

అందుకే జాలీ వదిలెయ్. తలస్నానానికి ముందు తెల్ల టవల్ పరుచుకుని, తల వంచి, వెనక నుంచి ముందుకు సరిగ్గా 60 సెకండ్లు దువ్వు. పడినవి లెక్కపెట్టు. వరుసగా మూడు తలస్నానాలకు, అదే దువ్వెనతో. నెలకోసారి మళ్లీ చెయ్. ఒక్క రోజు అంకె కాదు, తగ్గుతోందా పెరుగుతోందా అన్నదే చూడాలి. నాకు జనవరిలో సుమారు 60 పడేవి, మే వచ్చేసరికి 15.

డాక్టర్ 50, 60 వెంట్రుకలు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూస్తారు. పదో వంతు కంటే ఎక్కువ వస్తే రాలడం ఎక్కువున్నట్టు. నేను ఆ పొద్దున్నే కుంకుడుకాయలతో రుద్దుకుని పోయా. ఊడేవన్నీ ఇంట్లోనే ఊడాయి, ఆమె చేతికి రెండే వచ్చాయి! మళ్లీ పోవాల్సి వచ్చింది. నువ్వు ముందురోజు, ఆ రోజు తలస్నానం చేయకు.

రక్తపరీక్షల్లో సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) రాశారు. జుట్టుకని అమ్మే బయోటిన్ విటమిన్ మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పు, థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. రూపాయి బిళ్లంత గుండ్రటి ఖాళీ కనిపించినా, పాపిడి వెడల్పవుతున్నా, మాడు మండుతున్నా లెక్కలు పెడుతూ కూర్చోకు, నేరుగా చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఇంతకీ హాస్టల్‌కి రాకముందు మే, జూన్‌లో జ్వరమేమైనా వచ్చిందా?