తలంటిన మర్నాడే ఉంగరాల జుట్టు పొంగిపోతుంటే

మీ అమ్మాయి జుట్టు తలంటిన రోజు బాగానే ఉండి, మర్నాడు స్కూలుకి దువ్వగానే పొంగిపోతోందని, స్ట్రెయిటెనింగ్ చేయించాలా అని అడిగారు. వద్దండీ. ఆ జుట్టులో లోపమేమీ లేదు.

మాడులో పుట్టే నూనె తిన్నని వెంట్రుక మీద సులువుగా కిందికి జారుతుంది. ఉంగరాల మీద అలా దిగదు. అందుకే కుదుళ్ళు జిడ్డుగా ఉన్నా కొసలు ఎండుగడ్డిలా ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు దువ్వితే కలిసున్న పాయలు విడిపోయి ఇంకా పొంగుతాయి.

కాబట్టి ముందు మార్చాల్సింది దువ్వే సమయం. షాంపూ అయ్యాక కండిషనర్ బాగా పట్టించి, అది జుట్టు మీద ఉండగానే పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయండి. కడిగాక, నీళ్ళు కారుతుండగానే జెల్ రాసి, గుప్పిట పట్టి పైకి నొక్కండి. టవల్‌తో రుద్దకుండా పాత కాటన్ టీషర్టుతో అద్దండి. ఆరాక బిరుసుగా అనిపిస్తే టెన్షన్ పడకండి, చేత్తో నలిపితే మెత్తబడుతుంది.

జెల్ కొనక్కర్లేదు. పావు కప్పు అవిసె గింజల్ని రెండు కప్పుల నీళ్ళలో మరిగించి, జిగురు సాగుతుండగా వేడి మీదే వడగట్టండి. చల్లారితే గింజలు వదలవు. ఫ్రిజ్‌లో వారం వాడుకోవచ్చు.

మీది బోరు నీళ్ళయితే అందులోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకలకు పట్టి బిరుసెక్కిస్తాయి. నెలకోసారి చెలేటింగ్ షాంపూ, అంటే ఆ ఖనిజాల్ని వదిలించే షాంపూ, వాడండి. స్కూలు రోజు దువ్వెన ముట్టకుండా, తడి చేతులతో పాయలు తీసి రెండు జడలు అల్లేయండి.