పాత కారుకు క్లెయిమ్: అల్లుడికి మావయ్య ఉత్తరం

విజయనగరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. చిలకపాలెం దాటాక ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దావట. నీకూ పిల్లలకూ గీత కూడా పడలేదంది, అదే పదివేలు. కారు ఇంకా షెడ్డుకు చేరలేదు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఉద్యోగమంతా మోటారు క్లెయిముల ఫైళ్లతోనే గడిపినవాణ్ణి, ఈ మాత్రం పనికొస్తాను.

ముందు ఒక్కటి. "స్టార్ట్ అవుతోంది కదా, మెల్లగా తోలుకొచ్చేస్తాను" అనకు. ముందు భాగం దెబ్బతిన్న కారు కింద ఓసారి వంగి చూడు. ఆకుపచ్చగానో ఎర్రగానో నీళ్లు కారి మడుగు కట్టిందంటే రేడియేటర్ పోయినట్టే. ఆ స్థితిలో నాలుగు కిలోమీటర్లు నడిపినా ఇంజిన్ పట్టేస్తుంది. యాక్సిడెంట్లో విరిగిన బంపర్‌కు ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బులిస్తుంది. ఆ తరవాత నువ్వు నడపబట్టి పాడైన ఇంజిన్‌కు ఇవ్వదు. పాలసీలోనే ఆ షరతు ఉంటుంది.

కదిలించకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయించు. నంబరు ప్లేటు, లారీ, రోడ్డు కనబడాలి. ఈ రోజే ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకో. కేవలం ఆలస్యమైందని నిజమైన క్లెయిమ్ తోసెయ్యొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011లోనే కంపెనీలకు చెప్పింది గానీ, ఆ వాదన పెట్టుకునే అవసరం మనకెందుకు? పోలీసు స్టేషన్లో జనరల్ డైరీలో రాయించుకుంటే మంచిదే.

జరిగింది జరిగినట్టే రాయి. ఎవరో ఒకరు "కుక్క అడ్డొచ్చిందని రాసెయ్యండి" అంటారు. మా సెక్షన్లో ఫారాలు చదువుతుంటే జిల్లాలో ఉన్న కుక్కలన్నీ హైవే మీదే కాపురం పెట్టాయా అనిపించేది. ఆగి ఉన్న లారీని గుద్దినా సొంత డ్యామేజీకి డబ్బులొస్తాయి, అబద్ధంతో పనేముంది? స్టీరింగ్ దగ్గర ఎవరున్నారో కూడా అలాగే రాయి. ఫారంలో ఒకటి, నష్టం లెక్కకట్టడానికి వచ్చే సర్వేయర్‌తో ఒకటి చెప్పావంటే మొత్తానికే మోసం వస్తుంది.

ఇక డబ్బుల సంగతి. నీది కాంప్రహెన్సివ్, అంటే నీ కారు నష్టానికీ డబ్బిచ్చే పాలసీయేనా? ఎదుటివాళ్ల నష్టానికే ఇచ్చే వట్టి థర్డ్ పార్టీ అయితే ఈ ఉత్తరం ఇక్కడే మడిచి పెట్టెయ్, నీ కారుకు పైసా రాదు. 2018లో తిత్లీ తుపానుకు పలాస వైపు చెట్లు కూలినప్పుడు కూడా ఇదే తేడా. తుపాను నష్టం కాంప్రహెన్సివ్‌లోనే ఉంటుంది.

కాంప్రహెన్సివ్ అయినా, బిల్లు మొత్తం కంపెనీ కడుతుందనుకోకు. ప్లాస్టిక్, రబ్బరు సామాను, బ్యాటరీ, టైర్లు, వీటికి సగమే ఇస్తారు. ఇనుప సామానుకు కారు వయసును బట్టి కోత. అయిదేళ్లు దాటి పదేళ్ల లోపైతే నూటికి 40, పదేళ్లు దాటితే 50. అద్దానికి కోత లేదు. కూలికీ లేదు. పెయింటింగ్ బిల్లులో పావు వంతును రంగు ఖరీదుగా తీసుకుని, అందులో సగం కోస్తారు. కూలంట్, ఆయిల్, నట్లు, బోల్టుల వంటివి నీ జేబులోంచే. వీటన్నిటి మీద 1500 సీసీ లోపు కారుకు మరో వెయ్యి తగ్గిస్తారు. సామాను మీద కోత వెయ్యకుండా ఇచ్చే జీరో డెప్ అనే అదనపు కవర్ ఉంటే ఈ కోతలు చాలావరకు తప్పేవి, కానీ నీలాంటి తొమ్మిదేళ్ల కారుకు అది దొరకడం అరుదు.

ఉదాహరణకు ప్లాస్టిక్ సామాను 40,000, ఇనుప సామాను 50,000, అద్దం 10,000, కూలి 20,000, పెయింటింగ్ 16,000 అనుకో. బిల్లు 1,36,000 అవుతుంది. నీకొచ్చేది 93,000. మిగతా 43,000 నువ్వు పెట్టుకోవాలి. షోరూమ్‌లో "క్యాష్‌లెస్ సార్, టెన్షన్ పడకండి" అన్నవాళ్లు ఈ 43 వేల సంగతి కారు డెలివరీ రోజున చెబుతారు.

ఇందులో నీకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. కోత కొత్త సామానుకే, కూలికి కాదు. షోరూమ్‌లో బానెట్ కాస్త నలిగినా కొత్తది వేసేస్తారు. మంచి డెంటింగ్ మేస్త్రి దాన్నే సుత్తితో, వెనక ఆనించే డాలీ దిమ్మెతో తీర్చి పెడతాడు. మార్చితే నూటికి 40 నీ మీద పడుతుంది, సరిచేయిస్తే ఆ కూలి పూర్తిగా వస్తుంది. పాత కారుకు నేనైతే మేస్త్రి వైపే మొగ్గుతాను. బ్రేకులు, స్టీరింగ్, ఛాసిస్ దెబ్బతింటే మాత్రం ఈ పొదుపు చెయ్యకు. షెడ్డువాడు జీఎస్టీ బిల్లు ఇస్తాడో లేదో ముందే అడుగు, తెల్ల కాగితం మీద రాసిచ్చే లెక్క చెల్లదు. అక్కడ ముందు నువ్వు కట్టి తరవాత రాబట్టుకోవాలి, చేతిలో డబ్బు ఆడాలి మరి. ఇంకో మాట, కారు లాగించే ఖర్చుకు మామూలు పాలసీ ఇచ్చేది 1,500 దాకానే. విశాఖ షోరూమ్ దాకా ఈడ్పిస్తే మిగతాది నీదే. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో పాలసీలో చూడు.

సర్వేయర్ వచ్చేదాకా ఒక్క బోల్టు విప్పనివ్వకు. వచ్చిన రోజు నువ్వు అక్కడే ఉండు. విప్పాక లోపల ఇంకేవైనా విరిగి కనబడితే, వాటికీ ఎస్టిమేట్ వేయించి మళ్లీ ఆయన చూశాకే మార్పించు. తీసేసిన పాత సామాను పారేయనివ్వకు, కంపెనీ అడుగుతుంది. ఖాళీ ఫారం మీద సంతకం మటుకు ఎవరు అడిగినా పెట్టొద్దు.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. పాలసీలో ఐడీవీ అని, నీ కారుకు కట్టిన విలువగా ఒక అంకె ఉంటుంది. అది 2,60,000 అనుకుందాం. రిపేరు ఖర్చు అందులో 75 శాతం, అంటే 1,95,000 దాటితే కారును టోటల్ లాస్ కింద కడతారు. అప్పుడు కోతలుండవు. ఐడీవీలో వెయ్యి తీసి మిగతాది ఇచ్చి కారు వాళ్లు తీసుకుంటారు, లేదా దాని తుక్కు విలువ కూడా తగ్గించుకుని కారు నీకే వదిలేస్తారు. తుక్కుకు 80,000 కట్టారనుకో, నీ చేతికి 1,79,000తో పాటు విరిగిన కారు. ఆ తుక్కు ధర ఎవరు, ఎలా కట్టారో కాగితం మీద అడుగు. మన వైపు కొనేవాళ్ల చేతా ఒక రేటు చెప్పించు.

కారు ఇచ్చేసేట్టయితే ఆర్‌సీ నీ పేరు మీద ఉండగా తాళాలు ఇవ్వకు. రద్దయినా కావాలి, పేరైనా మారాలి. ఎవడో బాగుచేసుకుని తిప్పి ఎవరినైనా గుద్దితే, పోలీసులు వచ్చేది నీ ఇంటికి.

2024 నిబంధనల ప్రకారం సర్వేయర్ 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ ఏ సంగతో తేల్చాలి. రిపోర్టు కాపీ నువ్వు అడిగి తీసుకోవచ్చు. తక్కువ కట్టారనిపిస్తే ముందు ఫిర్యాదులు చూసే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా కంపెనీల మీద ఫిర్యాదులు తీర్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పెట్టు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

బంపర్ ఒక్కటే పోయుంటే అసలు క్లెయిమే వద్దనేవాణ్ణి. క్లెయిమ్ చెయ్యని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, 50 శాతం దాకా పెరిగి ఉంటే, ఒక్క క్లెయిముతో అది సున్నాకు వస్తుంది. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి నీది అంత చిన్న దెబ్బ కాదులే.

పాలసీ మొదటి పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ఐడీవీ ఎంతుందో చూసి, షోరూమా షెడ్డా సాయంత్రం మాట్లాడుకుందాం. సర్వేయర్ ఏ రోజు వస్తాడో తెలిస్తే చెప్పు, పొద్దున్నే బస్సెక్కి వస్తాను.

మావయ్య