ఇల్లు–వాకిలి: పొక్కులెత్తిన గోడ, వెలిసిన కలంకారీ, అటకెక్కిన ఉయ్యాల బల్ల

ప్రశ్న: నిరుడు విశ్వావసు నామ సంవత్సర ఉగాదికి, అంటే 2025 మార్చి 30 నాటికి, అద్దె ఇల్లు ఖాళీ చేసి తిరుపతిలోని మా అత్తమ్మగారి పాత మిద్దె ఇంట్లో చేరాం. అప్పటినుంచి ఏదో ఒక పని చేయిస్తూనే ఉన్నాం. హాలుకు లేత పసుపు రంగు వేయించాం. కొత్త సోఫాకు చోటు కావాలని టేకు ఉయ్యాల బల్లను విప్పి అటక మీద పెట్టాం. శ్రీకాళహస్తి నుంచి తెచ్చుకున్న కలంకారీ వస్త్రాన్ని పడమటి కిటికీకి ఎదురుగా గోడకు కట్టాం. ఆగస్టులో మా అమ్మాయి చదువు కోసం చెన్నై వెళ్ళింది. దసరా తరువాత అత్తమ్మ స్నానాల గదిలో జారిపడితే తుంటికి ఆపరేషన్ అయింది. అక్కడ పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు బిగించాం. సోఫాలో కూర్చుంటే లేవలేక ఇప్పుడు ఆమె ఎక్కువసేపు తన గదిలోనే ఉంటున్నారు. నవంబరు వానలకు హాలు గోడ పొక్కులెత్తి రంగు రాలింది. కలంకారీలోని పచ్చని ఆకులు నీలంగా మారాయి. మార్చి 19న పరాభవ ఉగాది వస్తోంది కదా, మళ్ళీ రంగు వేయిద్దామని మావారు అంటున్నారు. అమ్మాయి గదిని చుట్టాల గదిగా మార్చాలని కూడా అనుకుంటున్నాం. వెనక్కి చూసుకుంటే ఏడాది డబ్బు, శ్రమ బూడిదలో పోసిన పన్నీరైనట్టు ఉంది. ఈసారి దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేసిన పనే ఈ ఏడాది మీరు చేసిన పనులన్నిటిలోకీ పెద్దదని నా నమ్మకం. స్నానాల గదిలో బిగించిన ఆ కడ్డీలను మీరు అలంకరణ లెక్కలో వేసుకోలేదు, అందుకే ఏడాదంతా వృథా అయినట్టు అనిపిస్తోంది. ఆ కడ్డీల మరలు టైలుతో ఆగకుండా వెనుక ఇటుక గోడలోకి దిగాయో లేదో ఒకసారి మేస్త్రీ చేత చూపించండి. మనిషి బరువంతా వాటి మీదే పడుతుంది.

ఇక గోడ సంగతి. ఈ ఉగాదికి దయచేసి రంగు వేయించకండి. తడి గోడకు ఎంత ఖరీదైన రంగు వేసినా లోపలి చెమ్మ బయటికి వస్తూ దాన్ని నెట్టేస్తుంది. నీటితో పాటు వచ్చే లవణాలు తెల్లని పొడిలా పైకి తేలి పుట్టీని కూడా విడగొడతాయి. పండుగ నాటికి ఊడిన రంగును గీకించి, ఆ తెల్లపొడిని పొడి బ్రష్‌తోనే దులిపించండి. నీళ్ళతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. ఆ తరువాత మిద్దె ఎక్కి నాలుగు బిందెల నీళ్ళు పోసి, నీరు ఎక్కడ నిలుస్తోందో, పిట్టగోడ అడుగున చీలికలు ఉన్నాయేమో, తూము మూసుకుపోయిందేమో మీ కళ్ళతో చూడండి. మన ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి వ్యవధి బాగానే ఉంది. మే నెలలో గంగమ్మ జాతర వచ్చేలోపు మిద్దె మీది పని ముగిస్తే, ఎండాకాలమంతా గోడ లోపలినుంచి ఆరుతుంది. ఎక్కడైనా కొత్తగా సిమెంటు పూత వేయవలసి వస్తే, దానిపై రంగు వేయడానికి కనీసం నాలుగు వారాలైనా ఆగాలి. పొక్కులు కనబడకుండా ప్లాస్టిక్ పలకలు అతికిస్తామని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. వాటి వెనుక చెమ్మ మరింత పెరుగుతుంది.

కలంకారీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు వస్త్రంలో లేదు. శ్రీకాళహస్తి పనివారు బట్టను కరక్కాయ రసం కలిపిన పాలలో నానబెట్టి, బెల్లం, తుప్పు పట్టిన ఇనుము పులియబెట్టి చేసిన ద్రావణంతో వెదురు కలం పట్టి గీతలు గీస్తారు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసినప్పుడు ఏర్పడే ఆ నలుపు అంత తొందరగా వెలవదు. ఆకుపచ్చ రంగు మాత్రం నీలి మీద పసుపు పూస్తే వచ్చేది. చెట్ల నుంచి తీసే పసుపు ఎండకు అన్నిటికంటే ముందు పోతుంది. మధ్యాహ్నం తిరిగాక పడమటి కిటికీ నుంచి రోజూ నేరుగా ఎండ పడడంతో పసుపు పోయి, అడుగున ఉన్న నీలి బయటపడింది. పోయిన పసుపు తిరిగి రాదు. పైన రంగులు పూయించి బాగు చేయించాలని చూడవద్దు. ఎండ తగలని లోపలి గోడకు మార్చి, వెనుక పలుచని నూలు గుడ్డ కుట్టించి, పైఅంచున కర్ర దూర్చి వేలాడదీయండి. చెమ్మ ఉన్న గోడ దరిదాపుల్లో మాత్రం వద్దు. నీలి ఆకులతోనూ అది అందంగానే ఉంటుంది, మీ ఇంట్లో గడిచిన మొదటి ఏడాది ఎండ ఆ బట్టలో నిలిచిపోయింది.

అమ్మాయి గది జోలికి ఇప్పుడే పోకండి. సెలవులకు వచ్చినప్పుడు తనను అడిగి నిర్ణయించండి.

మీరు అడగకపోయినా, ఈసారి అన్నిటికంటే ముందు చేయవలసింది అటక మీది ఉయ్యాల బల్లను కిందికి దించడం. తుంటి ఆపరేషన్ అయినవారు ఊగే బల్ల మీద కూర్చోవడం ప్రమాదం కాబట్టి గొలుసులు మళ్ళీ కట్టవద్దు. లోతుగా దిగబడే సోఫా కూడా ఆమెకు పనికిరాదు. వడ్రంగి చేత ఆ బల్లకు నాలుగు గట్టి కాళ్ళు, రెండు వైపులా చేతులు, వెనుక ఆనుడు పెట్టించి స్థిరమైన ఆసనంగా మార్చండి. ఎత్తు సాధారణంగా 18 అంగుళాలు సరిపోతుంది. అయినా మీ అత్తగారిని నిలబెట్టి మోకాలి వెనుక మడత వరకు కొలిచి, అంతకంటే కాస్త ఎత్తుగా ఉండేలా చేయించి, ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఆ కొలత చెప్పి సరే అనిపించుకోండి. హాల్లో వీధి వాకిలి కనబడే చోట దాన్ని వేస్తే, ఉగాది పచ్చడి గిన్నె ఆమె చేతికి గదిలోకి తీసుకెళ్ళి ఇవ్వవలసిన పని ఉండదు. బల్లను నునుపు చేయించేటప్పుడు, గొలుసులు ఆనిన మూలల్లో పడిన అరుగుదలను మాత్రం చెరిపేయవద్దని వడ్రంగికి ముందే చెప్పండి.